మార్త ఇంట బుధవారం రాత్రి

సాయంత్రం ఆరు గంటలు. మిరప కోతకు వెళ్లిన కూలీల ఆటో ఊరి మొదట్లో ఆగింది. పొద్దున్నే సద్ది కట్టుకుని వెళ్లిన ఆడవాళ్లు తలగుడ్డలు విప్పి దులుపుకుంటూ దిగుతున్నారు. రోజంతా పండుకాయ కోసిన చేతులు భగభగ మండుతున్నాయి. నీళ్లతో ఎంత కడిగినా ఆ మంట పోదు. ఇంటికెళ్లి కాస్త నూనె రాసుకుంటే గాని నెమ్మదించదు. వారిలో ఒకామె మాత్రం అందరికంటే వడివడిగా నడుస్తోంది. ఈరోజు బుధవారం. రాత్రి ఎనిమిదింటికి కాటేజీ ప్రార్థన ఆమె ఇంట్లోనే. పాస్టరుగారు, పాస్టరమ్మగారు, సంఘ పెద్దలిద్దరు, పాటలు పాడే పిల్లలు, పక్కవీధి విశ్వాసులు, అంతా కలిపి పది పన్నెండు మంది. ప్రార్థన కాగానే వట్టి చేతులతో పంపడం మన ప్రాంతంలో మర్యాద కాదు. భోజనం పెట్టాలి. చేతిలో ఉన్నది రెండే గంటలు. పొయ్యి మీద ఇంకా ఎసరైనా పడలేదు.

ఈ దృశ్యానికి ఊరి పేరు అక్కర్లేదు. ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా, నరసరావుపేట నుంచి మార్టూరు దాకా పత్తి, మిరప పండే ఏ పల్లెలోనైనా కనిపించేదే. గుంటూరు, ఒంగోలు పట్టణాల్లో వేషం మారుతుంది గాని కథ మారదు. ఆమె బడిలో టీచరు కావచ్చు, ఆస్పత్రిలో నర్సు కావచ్చు, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే మనిషి కావచ్చు. పని దిగి ఇంటికి చేరేది ఆరింటికి. అతిథులు వచ్చేది ఎనిమిదింటికి.

ఆతిథ్యం గురించి మనం వినే ప్రసంగాలు చాలా ఉన్నాయి. కానీ ఆ రెండు గంటల గురించి మాట్లాడేవారు తక్కువ. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం.

జాబితా చదివినప్పుడు

ఆదివారం ఆరాధన ముగిశాక ప్రకటనల సమయంలో ఒక ప్రశ్న వస్తుంది: 'వచ్చే బుధవారం ప్రార్థన ఎవరింట్లో?' అప్పుడు సంఘంలో తలలను గమనించండి. కొన్ని చేతులు వెంటనే లేస్తాయి. కొన్ని తలలు మెల్లగా కిందికి వాలుతాయి. ఆ తలలు వాలింది భక్తి లేక కాదు. పోయిన వారం ఒకరింట్లో కోడికూర, పలావు పెట్టారు. అంతకుముందు వారం ఇంకొకరింట్లో వేటమాంసం, గారెలు. ఈసారి మనింట్లో పప్పూ పచ్చడీ పెడితే నలుగురూ ఏమనుకుంటారు? ఈ భయమే వాళ్లను కూర్చోబెడుతుంది.

ఎవరూ కోరి పెట్టిన పోటీ కాదిది. ప్రేమతోనే మొదలవుతుంది. 'దైవసేవకుడు మన గడప తొక్కుతున్నాడు, మంచి భోజనం పెడదాం' అనుకుంటాం. అందులో తప్పేముంది? కానీ వారం వారం ఒక్కో వంటకం పెరుగుతూ పోతే, కొంతకాలానికి అది సంఘంలో ఎవరూ రాయని నియమమైపోతుంది. ఆ నియమం మొదట బయట నిలబెట్టేది పేదవారినే. భర్త లేని స్త్రీ, కౌలుకు చేసి నష్టపోయిన రైతు, రోజుకూలీ మీద బతికే కుటుంబం 'మా ఇంటికి రండి' అనే మాట మానేస్తారు. ప్రార్థన రావలసిన ఇంటికే ప్రార్థన వెళ్లడం మానేస్తుంది.

మన నేలలో ఇది మరీ నిజం. ఇక్కడి ఆదాయాలు పంటతో లేచి పంటతో పడతాయి. 2025 ఫిబ్రవరిలో మిరప ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్రం క్వింటాలుకు రూ.11,781 ధరతో మార్కెట్ జోక్య పథకాన్ని ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది యార్డు నుంచి తిరిగొచ్చిన రైతు ఇంటికి బుధవారం కూడా వస్తుంది. ఆ రాత్రి భోజనం కోసం ఆ ఇల్లు చేబదులు తెచ్చుకోవలసి వస్తే, ఆ కూరలో మనం తిన్నది ఆతిథ్యం కాదు, వారి అప్పు.

వాక్యం ఏం చెబుతోంది?

ఆతిథ్యాన్ని బైబిలు తేలికగా తీసుకోలేదు. రోమా పత్రిక 12వ అధ్యాయంలో పౌలు దాన్ని విశ్వాసి దినచర్యలో చేర్చాడు. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం, తెలియకుండానే దేవదూతలకు భోజనం పెట్టినవారు ఉన్నారని గుర్తుచేస్తుంది. పేతురు తన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ఒక చిన్న షరతు కలిపాడు. ఆతిథ్యం ఇవ్వండి గాని సణుక్కుంటూ ఇవ్వవద్దన్నాడు. ఆ మాట రాయవలసి వచ్చిందంటే, ఆనాటి వంటిళ్లలో కూడా సణుగుడు ఉండే ఉంటుంది!

ఆతిథ్యానికి మూలభాషలో వాడిన గ్రీకు మాట 'ఫిలోక్సెనియా'. పరాయివారి పట్ల ప్రేమ అని దాని అర్థం. ఆ మాటలో ప్రేమ ఉంది, పరాయివాడు ఉన్నాడు. వంటకాల లెక్క లేదు. ప్రేమ ఉన్నచోట ఆకుకూర భోజనం, పగ ఉన్నచోట మాంసం కంటే మేలని సామెతల గ్రంథం 15వ అధ్యాయం ఎప్పుడో తేల్చింది. సారెపతు విధవరాలి ఇంట్లో ఏలీయాకు దొరికింది పిడికెడు పిండి, కాస్త నూనెతో చేసిన రొట్టె. అది కరువు రోజుల భోజనం. ఆ ఇంటికే ప్రవక్తను దేవుడు పంపాడు. ఉన్న ఇల్లు సీదోనులో మరొకటి లేక కాదు కదా!

ఇక మార్త. లూకా సువార్త 10వ అధ్యాయం చదివిన ప్రతిసారీ మన ఇళ్లలోని ఆడవాళ్లకు ఎక్కడో గుచ్చుకుంటుంది. 'మరియలా కూర్చుంటే అన్నం ఎవరు వండుతారు?' అని నవ్వుతూనే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ ప్రభువు మార్త వంటను తప్పుపట్టలేదు. అనేకమైన పనులను గురించి ఆమె పడిన తొందరను తప్పుపట్టాడు. యోహాను సువార్త 12వ అధ్యాయానికి వస్తే, బేతనియలో మళ్లీ విందు జరుగుతుంది. అక్కడ కూడా వడ్డించింది మార్తే. ఈసారి ఫిర్యాదు లేదు, గద్దింపూ లేదు. మార్త మానుకోవలసింది గరిటెను కాదు, ఆందోళనను. వంట తగ్గితే ఆందోళన తగ్గుతుంది. ఆందోళన తగ్గితే వండిన మనిషి కూడా వచ్చి వాక్యం దగ్గర కూర్చోగలుగుతుంది.

మనం ఒకసారి నిజాయితీగా ఆలోచించాలి. ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే, ఆ ఇంటి ఇల్లాలు గోడ అవతల తాలింపు వేస్తూ ఆమేన్ అనడం ఎన్ని ఇళ్లలో చూడలేదు? ఎవరి ఇంటి కోసం ప్రార్థించడానికి వచ్చామో, ఆ మనిషే ప్రార్థనలో లేకపోతే ఆ కూడిక ఎవరి కోసం?

ఈ మైదానం నేర్పిన పాఠం

మన ప్రాంతానికి సువార్త వచ్చిన తీరులోనే ఈ విషయానికి జవాబుంది. 1842లో హయ్యర్ గుంటూరు చేరి లూథరన్ పరిచర్య మొదలుపెట్టారు. ఒంగోలులో 1867 జనవరి 1న బాప్టిస్టు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మందే. అప్పట్లో సువార్తను ఊళ్లకు మోసినవారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకరు. ఆయన తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగిన మనిషి. అలాంటివారు పెద్ద మందిరాలకు పిలవలేదు. పూరిళ్ల వాకిళ్లలో, చుట్టాల గడపల్లో కూర్చుని మాట్లాడారు. ఆ గడపల్లో ఏ విందులు ఉంటాయి? జొన్న సంకటి, పచ్చిమిరపకాయ, చెంబెడు మజ్జిగ ఉంటే ఆ పూటకు గొప్పే.

ఆ తర్వాత 1876-78 నాటి మహా కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్నది దాన్నే. ఒంగోలులోని మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి దొరికేలా చేశారు. అంత చేసినా ఆ సహాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. అన్నం కోసం ఎవరూ క్రీస్తు పేరు చెప్పకూడదన్నది ఆయన పట్టుదల. కరువు తీరాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అన్నాన్ని ఎరగా వాడకూడదని ఆ తరం నేర్చుకుంది. అన్నాన్ని గొప్పకు కొలబద్దగా వాడకూడదని మన తరం నేర్చుకోవాలి. రెండూ ఒకే పాఠానికి రెండు ముఖాలు.

అలాగని అతిథికి ఏదో ఒకటి పెట్టి పంపేయమని కాదు. తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో, తిన్నవారు పదికాలాలు గుర్తుపెట్టుకునే భోజనం పెట్టడం మన వంటింటికి బాగా తెలుసు. ఆ తెలివిని మళ్లీ బయటికి తీద్దాం.

శనివారం అరగంట

బుధవారం రాత్రి భోజనం నిజానికి శనివారమే మొదలవ్వాలి. ఆదివారం కోసం బట్టలు ఇస్త్రీ చేసుకునే సాయంత్రమే ఒక అరగంట వంటింటికి ఇవ్వండి. పావుకిలో అల్లం, పావుకిలో వెల్లుల్లి కాస్త ఉప్పు, నూనె వేసి ముద్ద నూరి ఫ్రిజ్‌లో పెడితే వారమంతా పనికొస్తుంది. చింతపండును వేడినీళ్లలో నానబెట్టి, గుజ్జు తీసి, ఒక్క ఉడుకు రానిచ్చి సీసాలో పోసుకోండి. ధనియాలు, జీలకర్ర, కాసిని మెంతులు దోరగా వేయించి పొడి కొట్టుకోండి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ పొడి ఒక్కటి ఉన్నా చాలు, పని సగం తగ్గుతుంది.

అంతకంటే పెద్ద ధనం అటక మీది జాడీలో ఉంటుంది. మిరప కోతల కాలంలో కిలో పండుమిరపకాయలు కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, పావుకిలో చింతపండు, పావుకిలో ఉప్పు, కాస్త పసుపు వేసి తొక్కి పెట్టుకుంటే, ఏడాది పొడుగునా ఏ అతిథి వచ్చినా ఆ ఇల్లు తడుముకోనక్కర్లేదు. కావలసినప్పుడు కొంచెం తీసి, వెల్లుల్లి, వేయించిన మెంతిపొడి కలిపి నూరి, ఇంగువ తాలింపు పెడితే పచ్చడి సిద్ధం. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టం కోడికూరను రెండోసారి అడక్కపోవచ్చు. ఈ పచ్చడిని మాత్రం వెళ్లేటప్పుడు సీసాలో పెట్టమని అడుగుతాడు. గోంగూర నిల్వ పచ్చడి, కందిపొడి, నల్లకారం కూడా అంతే. ఇంట్లో ఉన్నవి కాబట్టి మనకు చిన్నగా కనిపిస్తాయి. వచ్చినవారికి అవే విందు.

రెండు గంటల్లో మూడు రకాల భోజనాలు

పది మందికి కిలో లేదా కిలోంబావు బియ్యం సరిపోతాయి. కూర ఏదైనా ఒక్కటి బాగా చేయండి. నాలుగు కూరలు హడావిడిగా చేసిన ఇంట్లో ఏదీ గుర్తుండదు.

మొదటిది, గోంగూర పప్పు, కోడిగుడ్ల పులుసు. ఇంట్లోకి రాగానే మూడు వందల గ్రాముల కందిపప్పు కుక్కర్లో పెట్టండి. గోంగూరను పప్పుతో కలిపి ఉడికించవద్దు. దాని పులుపుకి పప్పు సరిగా మెదగదు. మూడు కట్టల గోంగూర, ఎనిమిది పచ్చిమిరపకాయలు విడిగా మగ్గించి, పప్పు మెత్తబడ్డాక కలిపి ఉప్పు వేసి మెదపండి. వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో తాలింపు పెట్టండి. పక్క పొయ్యి మీద డజను గుడ్లు ఉడకనివ్వండి. పొట్టు తీసి, గాట్లు పెట్టి, నూనెలో పసుపు, చిటికెడు కారం వేసి గుడ్డు పైపొర ముడతలు పడేదాకా వేయించండి. అదే నూనెలో నాలుగు పెద్ద ఉల్లిపాయలు, నాలుగు టమాటాలు మగ్గించి, కారం, పెద్ద నిమ్మకాయంత చింతపండు రసం పోసి మరిగించండి. గుడ్లు వేసి పది నిమిషాలు ఉడకనిచ్చి, చివర్లో శనివారం కొట్టిన పొడి, చిన్న బెల్లంముక్క వేసి దించండి. ఈ పులుసు దించిన గంటకు ఇంకా రుచిగా ఉంటుంది. అంటే ప్రార్థన అయ్యేసరికి సరిగ్గా కుదురుతుంది.

రెండోది, చేతిలో కాస్త డబ్బున్న వారం కోడికూర. పది మందికి కిలోన్నర చాలు. ఫ్రిజ్ ఉంటే పొద్దున్నే పెరుగు, పసుపు, ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి లోపల పెట్టి వెళ్లండి. ఫ్రిజ్ లేకపోతే ఆ పని చేయవద్దు, మన ఎండలకు మాంసం చెడిపోతుంది. వచ్చాక అరగంట నానబెట్టినా చాలు. ఉల్లిపాయలు ఎర్రగా వేగాక ముక్కలు వేసి, మొదట నీళ్లు పోయకుండా దాని నీటిలోనే మగ్గనివ్వండి. చివర్లో గసగసాలు, కొబ్బరి నూరిన ముద్ద వేస్తే చిక్కదనం వస్తుంది. దానితో అన్నం చాలు. మనసుంటే కుక్కర్లో పలావు. సన్నబియ్యమైతే గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు, నానబెట్టిన బాస్మతి అయితే గ్లాసుకు ఒకటిన్నర. కోడికూర ఉన్న రోజు మరో కూర వద్దు. పెరుగు పచ్చడి చాలు.

మూడోది, ఏమీ లేని రోజు భోజనం. నిజానికి ఈ ముగ్గురిలో పెద్దక్క ఇదే. ముద్దపప్పు, పొగలు కక్కే అన్నం, చెంచాడు నెయ్యి, పండుమిరపకాయ పచ్చడి, నాలుగు వడియాలు, మిరియాల చారు, గడ్డపెరుగు. ఖర్చు తక్కువ. పని గంటలోపే. ఇది పెట్టినందుకు సిగ్గుపడిన ఇల్లాలు ఉండొచ్చు గాని, తిని మొహం చిట్లించిన అతిథి ఉండడు.

చివర్లో తీపి కావాలనుకుంటే పావుకిలో సేమ్యా, లీటరున్నర పాలతో పాయసం. అది చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. అందుకని ఒక గ్లాసు పాలు పక్కన ఉంచుకుని వడ్డించే ముందు కాచి కలపండి. పంచదార బదులు బెల్లం వేస్తే పొయ్యి కట్టేసి, కాస్త చల్లారాక వేయండి, లేకపోతే పాలు విరుగుతాయి. పెద్దవాళ్లలో షుగరు ఉన్నవారు చాలామంది. వారికి తీపి వేయకుండా ముందే కొంచెం తీసి ఉంచితే, ఆ చిన్న శ్రద్ధను వారు ఎప్పటికీ మరచిపోరు. అలాగే మన కారానికి అలవాటు లేని అతిథి వస్తే నీళ్ల గ్లాసు కంటే ముందు పెరుగు గిన్నె జరపండి. మిరపకాయలోని మంట నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పొలంలో చేతుల మంటకు నూనె పనిచేసినట్టే, పళ్లెంలో నోటి మంటకు పెరుగు పనిచేస్తుంది.

ఏడుంబావుకల్లా పులుసు దిగాలి. ఏడున్నరకు బియ్యం పొయ్యి మీద పడాలి. అన్నం ఉడికాక మూత తీయకుండా మందపాటి గుడ్డ కప్పి ఉంచితే గంటసేపు వేడి తగ్గదు. ఏడుంముప్పావుకు ఇల్లాలు మొహం కడుక్కుని, చీర మార్చుకుని, బైబిలు పట్టుకుని చాప మీద కూర్చోవాలి. భోజనం ఎంత బాగా కుదిరిందో చెప్పే కొలత ఇదే.

ఈ పని ఎవరిది?

ఇక్కడ మగవారికి ఒక మాట. ఆదికాండము 18వ అధ్యాయంలో మమ్రే వనం దగ్గర అబ్రాహాముకు అతిథులు వచ్చారు. ఎండవేళ, చెప్పకుండా వచ్చారు. ఆయన గుడారంలో కూర్చుని 'ఏమేవ్, వంట చెయ్' అని కేకేయలేదు. శారాకు పిండి పని అప్పగించి, తానే మంద దగ్గరికి పరుగెత్తాడు. మంచి దూడను తెచ్చి పనివానికి ఇచ్చాడు. వండినది తానే తెచ్చి వడ్డించి, వారు తింటుంటే పక్కనే నిలబడ్డాడు. అప్పటికి ఆయన వయసు దాదాపు నూరేళ్లు! విశ్వాసులకు తండ్రి అనిపించుకున్నవాడు చేసిన పని మనకు చిన్నతనం ఎలా అవుతుంది?

పత్తికట్టె విరిచి పొయ్యిలో పెట్టడం, ఉల్లిపాయలు తరగడం, చాపలు పరచడం, మంచినీళ్లు పట్టి ఉంచడం, తిన్న పళ్లేలు కడగడం మగవారికీ, ఎదిగిన మగపిల్లలకూ వచ్చిన పనులే. రాకపోతే నేర్చుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లి వచ్చిన ఇంట్లో, ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు అరుగు మీద ఉంటే, ఆ ఇంట్లో సగమే ఆతిథ్యం ఇచ్చినట్టు.

అతిథులుగా వెళ్లేవారికీ బాధ్యత ఉంది. ఎంతమంది వస్తున్నారో ముందే చెప్పాలి. ప్రార్థన ఎనిమిదింటికంటే ఎనిమిదింటికే మొదలుపెట్టాలి. పొద్దున ఐదింటికి మళ్లీ కోతకు వెళ్లే మనిషిని రాత్రి పదకొండు దాకా మేల్కొలిపి ఉంచడం ఆశీర్వాదం కాదు. పాస్టర్ల కష్టం కూడా చెప్పుకోవాలి. ఒకే సాయంత్రం మూడిళ్లలో ప్రార్థన, మూడిళ్లలో భోజనం, ఎక్కడ వద్దంటే అక్కడ నొచ్చుకోవడం! ఈ మర్యాద వల్ల బీపీ, షుగరు తెచ్చుకున్న దైవసేవకులు మనకు తెలుసు. 'అయ్యగారూ, ఈ పూటకు మజ్జిగే ఇస్తాం' అనే ఇల్లు కూడా ప్రేమగల ఇల్లే.

బంతిలో ఎవరున్నారు?

చివరిగా అన్నిటికంటే బరువైన మాట. కొరింథు సంఘం భోజనానికి కూడినప్పుడు, ఉన్నవారు ముందే తినేశారు, లేనివారు ఆకలితో మిగిలారు. లేనివారిని సిగ్గుపరుస్తారా అని పౌలు మొదటి పత్రిక 11వ అధ్యాయంలో నిలదీశాడు. ఒకరి కోసం ఒకరు ఆగండన్నాడు. పని దిగి ఆలస్యంగా వచ్చే కూలీ మనిషి కోసం బంతి ఆగాలి. పెద్దలకు మొదటి బంతి, మిగిలినవారికి మిగిలినది అనే లెక్క ప్రభువు బల్లకు సరిపోదు.

అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ తింటూ, కొందరు పెద్దలు రాగానే వెనక్కి తగ్గాడు. గలతీ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు ఆ సంగతి దాచలేదు. అందరి ఎదుట పేతురును మొహం మీదే అడిగానని రాశాడు. పళ్లెం దగ్గర వెనక్కి తగ్గడం సువార్త దగ్గర వెనక్కి తగ్గడమేనని ఆయన లెక్క. వేరే గ్లాసు, వేరే పళ్లెం, వేరే వాకిలి అనే అవమానాలను తరతరాలుగా చూసిన నేల మనది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ఆ ఆకలినీ అవమానాన్నీ 1941లో 'గబ్బిలం' చేతికి ఇచ్చి పంపారు. అలాంటి చోట అందరూ ఒకే చాప మీద, ఒకే బంతిలో కూర్చుని, ఒకే గిన్నెలోని పప్పు వేసుకోవడం మామూలు సంగతి కాదు. మరి మన సంఘంలో ఏ ఇంట ప్రార్థనకు వెళ్తాం గాని భోజనానికి ఆగకుండా వచ్చేస్తాం? 'ఇంటికి చుట్టాలొచ్చారు, వెళ్లాలి' అని చెప్పి ఏ గడప ముందు నుంచి లేచిపోతాం? ఆ ఇల్లు ఏదో మనకు తెలుసు. ఆ ఇంటివారికి ఇంకా బాగా తెలుసు.

అందుకే సంఘాలు ఒక చిన్న ఒప్పందం చేసుకుంటే మంచిది. బుధవారం ప్రార్థన ఏ ఇంట్లో జరిగినా ఒకే భోజనం: పప్పు, ఒక కూర, పచ్చడి, పెరుగు. ఉన్నవారు కూడా అంతకు మించి పెట్టరు. ఇంకా పెట్టాలన్న ప్రేమ ఉంటే, అది లేనివారింటికి బియ్యం రూపంలో చీకట్లో చేరవచ్చు. ఏ వారం ఎవరికి ఇబ్బందిగా ఉన్నా, పక్కవారు తలా ఒక గిన్నె తేవచ్చు. సంఘంలో అందరికంటే పేద ఇల్లు భయం లేకుండా పెట్టగలిగిన భోజనమే ఆ సంఘానికి తగిన భోజనం. ఆ కొలతకు మిగతా ఇళ్లు దిగి రావాలి గాని, మిగతా ఇళ్ల కొలతకు ఆమె అప్పుచేసి ఎక్కకూడదు.

యోహాను సువార్త చివరి అధ్యాయంలో ఒక భోజనం ఉంది. తిబెరియ సముద్రం దగ్గర శిష్యులు రాత్రంతా వల వేసి, ఏమీ దొరక్క అలసిపోయారు. తెల్లవారేసరికి ఒడ్డున మనిషి కనిపించాడు. ఆయన మాట మీద వల వేస్తే చేపలు పడ్డాయి. వాళ్లు ఒడ్డుకు వచ్చి చూస్తే నిప్పులు రాజుకుని ఉన్నాయి. వాటి మీద చేప, పక్కన రొట్టె. ఎవరు వండారు? మరణాన్ని గెలిచి లేచిన ప్రభువే. పని చేసి అలసి వచ్చినవారికి రెండే వంటకాలు. అంతకుముందు తనను ఎరుగనన్న పేతురు ఆ నిప్పుల దగ్గరే కూర్చుని తిన్నాడు. తిన్నాకే ప్రభువు అతనితో మాట్లాడి, మళ్లీ పరిచర్య అప్పగించాడు. నేను వండింది ఆయనకు తగినదేనా అని పొయ్యి దగ్గర నిలబడి కంగారుపడే ప్రతి మార్తకూ ఆ నిప్పులే జవాబు.

వచ్చే ఆదివారం ప్రకటనల సమయంలో అదే ప్రశ్న మళ్లీ వస్తుంది. 'వచ్చే బుధవారం ప్రార్థన ఎవరింట్లో?' వెనక వరుసలో కాయ కోసి మండిన చెయ్యి ఒకటి, ఇన్నాళ్లూ లేవని చెయ్యి, మెల్లగా పైకి లేవాలి. అది లేవడానికి భయపడకుండా చేయడం, ముందు వరుసలో కూర్చున్న మన పని.